అపోఫీనియా అంటే ఏంటి? గాలిమరలకూ వానకూ ముడిపెడితే ఈ మాటే వాడాలా?

వేరుశనగ_చేను
మాది పాత అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, రామగిరి కొండల వైపు. కొండమీద గాలిమరలు తిరుగుతుంటాయి. మొన్న రచ్చకట్ట దగ్గర వానల మాట వచ్చింది. "ఈ ఫ్యాన్లు పెట్టినప్పటి నుంచే మబ్బులు చెదిరిపోతున్నాయి" అన్నాడు మా మామ. పక్కనున్న లెక్చరర్ సారు "దాన్ని అపోఫీనియా అంటారు" అని ఊరుకున్నాడు. మామకు ఆ మాట అర్థం కాలేదు గానీ తిట్టినట్టు తోచింది. తువ్వాలు దులుపుకొని లేచి వెళ్లిపోయాడు.

డిక్షనరీలో చూస్తే "సంబంధం లేనివాటి మధ్య సంబంధం చూడటం" అని ఒక ముక్క రాసి వదిలేశారు. ఈ మాట ఎక్కడ పుట్టింది? ముందు ఎవరు, దేనికి వాడారు? ఒక రైతును పట్టుకొని అనాల్సిన మాటేనా? మామ తెలివితక్కువ మనిషి కాదు. మబ్బు వాటం చూసి విత్తనం ఎప్పుడు వేయాలో చెప్తే ఊరంతా వింటుంది. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

ఉగ్గాని_బజ్జి
బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం. దీనికి గ్రీకు దాకా పోవాల్నా?

కొండారెడ్డి_బురుజు
పోవాలి, ఎందుకంటే పుట్టింది అక్కడి ముక్కలతోనే. "అపో" అంటే నుంచి, అవతలికి. "ఫైనైన్" అంటే కనబరచడం, వెలుగులోకి తేవడం. ఫినామినన్, ఫాంటసీ, ఎపిఫనీ అన్నీ ఆ రెండో ముక్క పిల్లలే. చాలామంది స్కిజోఫ్రీనియాలో ఉన్న "ఫ్రీనియా", ఇందులో ఉన్న "ఫీనియా" ఒకటే అనుకుంటారు. కాదు. అక్కడున్నది మనసు అనే అర్థం వచ్చే "ఫ్రేన్". వినడానికి దగ్గరగా ఉన్నాయంతే, వేర్లు వేరు.

మాట మాత్రం ప్రాచీన గ్రీకు మాట కాదు, ఈ మధ్య కట్టిందే. 1958లో క్లౌస్ కోన్రాడ్ అనే జర్మన్ మానసిక వైద్యుడు స్కిజోఫ్రీనియా తొలిదశ మీద ఒక పుస్తకం రాశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికాసుపత్రిలో చూసిన నూటికి పైగా కేసులు దానికి ఆధారం. అందులో ఒక దశకు "అపోఫేనీ" అని పేరు పెట్టాడు. రోగికి చుట్టూ ఉన్న ప్రతిదీ ఏదో చెబుతున్నట్టు, అంతా తనకోసమే జరుగుతున్నట్టు గట్టిగా తోచే దశ అది. ఆకులు రాలినా అర్థమే, ఎదురింటాయన దగ్గినా అర్థమే.

ఇంగ్లిష్‌లో మామూలు జనం నోట పడింది చాలా ఆలస్యంగా. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పీటర్ బ్రుగ్గర్ 2001లో దీన్ని ఆరోగ్యంగా ఉన్న మనుషుల నమ్మకాల గురించి రాస్తూ వాడాడు. దయ్యాలు, టెలిపతీ నమ్మేవాళ్ల ప్రస్తావన అది. ఆ తర్వాతే ఇది వార్డు దాటి బయటికొచ్చింది. కాబట్టి మీ లెక్చరర్ సారు వాడింది ఈ రెండో అర్థం. పుట్టుక తెలిసినవాళ్లకు మొదటి అర్థం కూడా వినబడుతుంది. అందుకే మనిషి ముఖం మీద అనకపోవడం మంచిది.

ప్రొద్దుటూరు_పసిడి
ఇదే అర్థానికి "కన్‌ఫ్లేట్" అని ఇంకోటి వాడతారు కదా. పేపర్లలో ఎక్కువ కనిపించేది అదే. దాని పుట్టుక మా పనిలోది. లాటిన్‌లో "కాన్" అంటే కలిపి, "ఫ్లారే" అంటే ఊదడం. రెండు లోహాలు ఒకే మూసలో వేసి, నిప్పు ఊది కరిగించి ఒకటి చేయడం. మా తాత కుంపటి ముందు కూర్చొని ఊదుగొట్టంతో బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదేవాడు. బంగారంలో రాగి కలిసిందాకా ఎర్రటి గీత ఒకటి కదులుతూ కనిపించేది, కలిశాక అది మాయం. ఆ తర్వాత ఏది రాగో ఏది బంగారమో కంటికి తెలియదు. గీటురాయి మీద గీస్తేనే తెలిసేది.

కొండారెడ్డి_బురుజు
@ప్రొద్దుటూరు_పసిడి పుట్టుక మీరు చెప్పిందే. అర్థం మాత్రం ఒకటి కాదు. కన్‌ఫ్లేట్ అంటే రెండు వేర్వేరు సంగతులను ఒకటే అనుకోవడం. చేతిరాత ప్రతులు పోల్చేవాళ్లు రెండు పాఠాలు కలిపేసి మూడోది తయారైతే దాన్ని కన్‌ఫ్లేషన్ అంటారు. అపోఫీనియాలో రెండూ వేరువేరుగానే కనిపిస్తాయి, మధ్యలో లేని తాడు ఒకటి కనిపిస్తుంది. గాలిమర, వాన ఒకటే అని మామ అనలేదు. ఒకదాని వల్ల ఇంకొకటి అన్నాడు.

ప్రొద్దుటూరు_పసిడి
ఒప్పుకోను. వాన పడకపోవడం, చెరువుకు నీళ్లు రాకపోవడం రెండు వేరు సంగతులు. ఊళ్లో మాట్లాడేటప్పుడు రెండూ కలిపేసి "వాన లేదు" అంటారు. అది కన్‌ఫ్లేటే. ముందు కలపడం, ఆ తర్వాత ముడిపెట్టడం.

రాగిసంగటి
ఇది బాగుంది.

పెన్నా_ఇసుక
కాకతాళీయం అనే మాట మనకు ఉండనే ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది.

లేపాక్షి_బసవ
@పెన్నా_ఇసుక అది జరిగినదానికి పేరు. కాకే పండును పడగొట్టిందని తీర్పు చెప్పేవాడి మనసులో జరిగేదానికి పేరు అపోఫీనియా. కాకతాళీయం చెట్టు దగ్గర ఉంటుంది, ఇది చూసేవాడి తలలో ఉంటుంది.

నల్లరేగడి
మా నాయన బోరు సంగతి రాస్తాను, మీరే చెప్పండి ఇది ఏ లెక్కలోకి వస్తుందో. మాది కదిరి దారిలో మెట్ట. పాయింట్ చూసే ఆయన వచ్చాడు. పీచు ఒలిచిన టెంకాయ అరచేతిలో అడ్డంగా పెట్టుకొని చేనంతా తిరిగాడు. ఒకచోట కాయ మెల్లగా పైకి లేచి నిలువుగా నిలబడింది. నేను కళ్లారా చూశాను. మూడు కళ్లున్న వైపు ఆకాశం చూస్తోంది, ఆయన వేళ్లు కొంచెం కొంచెం వణుకుతున్నాయి. అక్కడ రాయి పెట్టించి, కొబ్బరి కొట్టించి, రిగ్గు పిలిపించాం. దుమ్ము తప్ప చుక్క లేదు.

అదే ఆయన పక్క చేనులో చూపించిన పాయింట్‌లో రెండంగుళాల నీళ్లు పడ్డాయి. ఊరంతా ఇప్పటికీ ఆ బోరు గురించే చెప్పుకుంటారు. ఎండిన బోర్లు ఎవరూ లెక్కపెట్టరు. కేసింగ్ పైపు మీద రాయి మూతపెట్టి మరిచిపోతారు. మా నాయన తీసుకున్న అప్పు మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

గండికోట_గాలి
చదువుతుంటే కడుపులో దేవినట్టయింది అన్నా.

కొండారెడ్డి_బురుజు
@నల్లరేగడి సరిగ్గా ఇదే దాని ఇంజన్. తగిలినవి గుర్తుంటాయి, తగలనివి జారిపోతాయి. మన నేల కింద చాలాచోట్ల గట్టి గ్రానైటు. నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి. ఒక అడుగు అటు పడితే పగులు దొరుకుతుంది, ఇటు పడితే రాయి. అలాంటి నేలలో ఎవరు ఎక్కడ చూపించినా కొన్ని తగులుతాయి. భూగర్భ నిపుణులు కరెంటు పంపి రాతి నిరోధం కొలుస్తారు. వాళ్లవీ తప్పుతాయి, కానీ తప్పినవి కూడా కాగితం మీద ఉంటాయి. తేడా అదే.

తుంగభద్ర_ఒడ్డు
2009లో కర్నూలులో ఉన్నవాళ్లకు తెలుసు. సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి వైఎస్ పోయారు. సరిగ్గా నెలకు, అక్టోబరు 2న, తుంగభద్ర ఊళ్లోకి వచ్చేసింది. మా వీధిలో మొదటి అంతస్తు దాకా నీళ్లు. "ఆ బిడ్డ పోయిన దుఃఖం గంగమ్మ తల్లి మోసుకొచ్చింది" అని మా జేజి మేడమీద కూర్చొని ఏడ్చింది. ఆమెకు ఇప్పుడు అపోఫీనియా అని చెప్పమంటారా? ఎగువ కర్ణాటకలోనూ మన దగ్గరా కుండపోత పడింది, కృష్ణా తుంగభద్రా ఒకేసారి పొంగాయి, శ్రీశైలం మీద ఎన్నడూ చూడనంత నీళ్లు పడ్డాయి. అది నాకు తెలుసు. జేజి చెప్పింది వరదకు కారణం కాదు, తన బాధ.

లేపాక్షి_బసవ
జేజికి చెప్పొద్దు. ఆమె మాట మీద ఎవరూ డబ్బు పెట్టలేదు, ఎవరినీ నిందించలేదు. చిక్కంతా ఆ ముడి మీద నిర్ణయాలు తీసుకున్నప్పుడే.

మైదుకూరు_మిర్చి
అయితే బ్రహ్మంగారి పేరు మీద వాట్సాప్‌లో తిరిగేవి? 2020లో కరోనా రాగానే ఆయన ముందే చెప్పారని పద్యాలు గుప్పించారు. మాది మఠానికి దగ్గర, చిన్నప్పటి నుంచి ఆరాధనకు పోతాం. ఏ ఉపద్రవం వచ్చినా జరిగిపోయాకే పద్యం దొరుకుతుంది. జరగకముందు చూపించినవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

ఉగ్గాని_బజ్జి
స్వామివారి జోలికి పోవద్దు. నమ్మకం నమ్మకమే.

మైదుకూరు_మిర్చి
@ఉగ్గాని_బజ్జి నాకు ఆయన మీద భక్తి ఉంది కాబట్టే ఈ కోపం. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా తీసుకున్న మనిషి. కులం గురించి ఆయన చెప్పింది ఎవరూ ఫార్వర్డ్ చేయరు. రోగాలకూ భూకంపాలకూ మాత్రం ఆయన్ను వాడుకుంటారు.

చర్చ_నిర్వాహకులు
ఆ సంగతి ఇక్కడితో చాలు, ఇద్దరి మాటా ఉండనిస్తున్నాం. మాట మీదకు రండి.

తాడిపత్రి_నాపరాయి
మట్కా చార్టు గురించి ఎవరూ రాయలేదేంటి? మన వైపు దీనికి మించిన ఉదాహరణ లేదు. మా చిన్నాయన దగ్గర పాత నోటుపుస్తకం ఉండేది. ఏళ్ల తరబడి వచ్చిన నంబర్లన్నీ గళ్లలో రాసి, ఎర్ర పెన్నుతో ఏటవాలు గీతలు. "చూడు, మంగళవారం నాలుగు వస్తే ఐదు గళ్ల కింద తొమ్మిది కచ్చితం" అని చూపించేవాడు. చూపిస్తే నిజంగానే కనబడేది! నాకు లెక్కలు బాగా వచ్చు, అయినా కనబడేది. తప్పినరోజు గీత ఇంకోవైపు గీసేవాడు. గీత తప్పు అని ఒక్కసారీ అనలేదు. పిన్నమ్మ గాజులు పోయాయి, నాపరాయి పాలిష్ చేసే యూనిట్‌లో వాటా పోయింది.

ఈ ఆట మొదలు కూడా విచిత్రం. న్యూయార్క్ నుంచి టెలిప్రింటర్‌లో వచ్చే పత్తి ధరల మీద బొంబాయిలో పందాలు కాసేవాళ్లు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక కుండలో చీటీలు వేసి తీయడం మొదలుపెట్టారు. కుండే మట్కా. కుండలోంచి తీసిన చీటీకి నిన్నటి చీటీ గుర్తుండదు.

తుంగభద్ర_ఒడ్డు
@తాడిపత్రి_నాపరాయి మీకు కనబడిందన్నారు చూడండి, అందులో వింతేం లేదు. లెక్కలు వచ్చినవాళ్లకు ఇంకా బాగా కనబడుతుంది. నేను ఇన్సూరెన్స్ పరీక్షలకు చదివేటప్పుడు తగిలిన సంగతి ఒకటి.

యుద్ధంలో జర్మన్లు లండన్ మీదకు ఎగిరే బాంబులు వదిలారు. కొన్ని వీధుల మీదే మళ్లీ మళ్లీ పడుతున్నాయని, కొన్నిటిని కావాలనే వదిలేస్తున్నారని జనం అనుకున్నారు. 1946లో ఆర్. డి. క్లార్క్ అనే ఇన్సూరెన్స్ గణకుడు దక్షిణ లండన్ మ్యాపును 576 గళ్లు చేశాడు. ఒక్కో గడి పావు చదరపు కిలోమీటరు. పడినవి 537 బాంబులు. గుడ్డిగా, ఏ లక్ష్యమూ లేకుండా పడితే ఎన్ని గళ్లు ఖాళీగా ఉండాలో లెక్కగడితే 227 వచ్చింది. నిజంగా ఖాళీగా ఉన్నవి 229. రెండు పడినవి, మూడు పడినవి కూడా దాదాపు లెక్క చెప్పినట్టే ఉన్నాయి.

అంటే ఏ లక్ష్యమూ లేకుండా పడినా గుంపులు కనబడతాయి. మనం యాదృచ్ఛికం అంటే అన్నీ సమంగా పరుచుకుంటాయి అనుకుంటాం. విత్తనాలు పిడికిలితో చల్లి చూడండి, గుంపులు గుంపులుగానే పడతాయి.

రాగిసంగటి
229, 227! ఇది మా పిల్లలకు బడిలో చెప్తాను.

జొన్నగిరి_చినుకు
అందరూ ఒకవైపే లాగుతున్నారు. మాకు తొలకరి పడితే పొలంలో వజ్రాలు దొరుకుతాయంటే బయటి వాళ్లు నవ్వేవాళ్లు. వానకూ వజ్రానికీ ఏం సంబంధం, బోడిగుండూ మోకాలూ అని. సంబంధం ఉంది. వజ్రకరూరు వైపు భూమి లోతుల్లోంచి పైకి వచ్చిన కింబర్లైట్ రాయి ఉంది, వజ్రాలు దాంట్లోవి. అది అరిగి అరిగి రాళ్లు మట్టిలో కలిశాయి. వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి, కడిగిన రాయి ఎండకు మెరుస్తుంది. జూన్‌లో తుగ్గలి, పగిడిరాయి చేలల్లో చూడండి, బళ్లారి నుంచి కూడా వచ్చి చెట్టుకింద వండుకు తింటూ వెతుకుతుంటారు. జనం ముందు ముడిని చూశారు, కారణం తర్వాత తెలిసింది. ముందే అపోఫీనియా అని కొట్టిపారేసి ఉంటే?

కొండారెడ్డి_బురుజు
@జొన్నగిరి_చినుకు చాలా అవసరమైన మాట ఇది. ముడి చూడటం తప్పు కాదు. చూడకపోతే వ్యవసాయమే పుట్టేది కాదు. కానీ మీ ఊళ్లోనే ఫలానా వారం వెతికితే దొరుకుతుందని, చెప్పులేసుకుంటే దొరకదని కూడా అంటారు కదా? రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. ఒకటి నిలబడింది, ఇంకొకటి నిలబడలేదు.

జొన్నగిరి_చినుకు
చెప్పుల సంగతి నిజమే, అంటారు. నేను వేసుకునే పోతా, అక్కడ ముళ్లు.

గండికోట_గాలి
పావురాలు కూడా ఇంతే. 1948లో స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలను పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా కొంత కొంత సమయానికి గింజలు పడేలా చేశాడు. గింజ పడిన క్షణంలో తిరుగుతున్న పావురం అలా తిరుగుతూనే ఉండిపోయింది, ఇంకోటి తల ఊపుతూ. ఎనిమిదిలో ఆరింటికి ఏదో ఒక మొక్కు పట్టుకుంది.

వార్డు_నర్సు
సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను. ఒక విషయం సరిచేయాలి. పైన చాలామంది అపోఫీనియా అంటే మూఢనమ్మకం అన్నట్టు రాశారు. కోన్రాడ్ వర్ణించింది అది కాదు.

ఆయన మొదటి దశకు "ట్రెమా" అని పేరు పెట్టాడు. స్టేజీ ఎక్కబోయే నటుడికి పట్టే టెన్షన్‌కు వాడే మాట. ఏదో జరగబోతోంది, ఏమిటో తెలియదు. నిద్ర ఉండదు, అన్నం దిగదు. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైనట్టు అవుతుంది. టీవీలో వార్తలు చదివే ఆమె ఎర్రచీర కట్టింది నాకు చెప్పడానికే, బస్సు నంబరులో ఉన్న అంకెలు నా పుట్టినతేదీ. అది అపోఫేనీ. ఊళ్లో మామ వాన గురించి అన్నమాట వందమంది కలిసి పంచుకునేది, వాదిస్తే వినేది. ఇది మనిషిని ఒంటరిని చేసేది. వాదించి తీసేయలేం. ఈ రెంటికీ ఒకే పేరు రావడం ఇంగ్లిష్ వాడుకలో జరిగిపోయింది, మార్చలేం. కానీ నవ్వుతూ వాడినప్పుడు వినేవాళ్లలో ఒక రోగి తల్లి ఉండొచ్చు.

ప్రొద్దుటూరు_పసిడి
గోడ మీద మరకలో దేవుడి ముఖం కనబడటం కూడా ఇదేనా?

వార్డు_నర్సు
@ప్రొద్దుటూరు_పసిడి దానికి పేరు పరైడోలియా. ఎక్కువగా కంటికి కనిపించే ఆకారాలకు వాడతారు. మబ్బులో ఏనుగు కనబడటం అందరికీ ఉంటుంది, అది ఏనుగు కాదని కూడా తెలుస్తుంది.

వేరుశనగ_చేను
ఇన్ని రాస్తారనుకోలేదు. గాలిమరల సంగతి మాత్రం తేల్చండి. మామకు ఏం చెప్పాలి?

లేపాక్షి_బసవ
మాట పక్కనపెట్టి వాన గురించే చెప్పండి. నైరుతి గాలులు పడమటి కనుమలకు తగిలి అక్కడే నీళ్లు దించేస్తాయి. మన దగ్గరికి వచ్చేసరికి గాలి మిగులుతుంది, తడి మిగలదు. ఆ గాలే మన కొండల మీద జూన్ నుంచి హోరుమంటుంది. మరలు పెట్టేవాళ్లకు కావలసింది ఆ హోరే. అంటే వాన తక్కువ ఉండటానికీ, మరలు అక్కడే ఉండటానికీ కారణం ఒకటే గాలి. మామ చూసిన రెండూ నిజంగానే పక్కపక్కన ఉన్నాయి. ఒకదాన్ని ఇంకొకటి పుట్టించలేదు, రెండింటికీ తల్లి ఒకటి.

ఇంకోటి. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు బళ్లారి, కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు కొండమీద ఏ ఫ్యానూ లేదు. రామగిరిలో మరలు తిరగడం మొదలైంది 1990లలో.

నల్లరేగడి
@లేపాక్షి_బసవ అన్నీ ఒప్పుకుంటా, కానీ మామ మాటను అంత తేలిగ్గా తీసేయొద్దు. మరలు పెట్టేటప్పుడు కొండ మీదకు లారీలు పోవడానికి దారి తవ్వుతారు. ఆ మట్టి ఎక్కడ పోస్తారు? మా పక్క ఊళ్లో వంకలో పోశారు. ఎప్పుడూ నిండే కుంటకు తర్వాత వాన పడినా నీళ్లు రాలేదు. చెట్లు పోయాయి, మేకలకు మేత పోయింది. రైతుకు కనబడింది నీళ్లు రాకపోవడం. దానికి కారణం ఆకాశంలో వెతికాడు, అది వంకలో ఉంది. పైన పసిడి అన్న చెప్పింది ఇదే, వాన లేకపోవడం, నీళ్లు రాకపోవడం కలిసిపోయాయి.

ప్రొద్దుటూరు_పసిడి
నేను అప్పుడే చెప్పాను!

లేపాక్షి_బసవ
@నల్లరేగడి సరే, ఇది నేను ఆలోచించని కోణం. అలాంటప్పుడు "అపోఫీనియా" అని నోరు మూయించడం ఇంకా నష్టం. మబ్బులు చెదరగొట్టారని ఫిర్యాదు రాస్తే ఆఫీసులో నవ్వి పక్కన పెడతారు. వంక పూడ్చారని రాస్తే వచ్చి చూడక తప్పదు.

వేరుశనగ_చేను
వంక సంగతి రేపే పోయి చూస్తా. మా చెరువుకు వచ్చే వంక ఆ కొండ మీది నుంచే దిగుతుంది.

తుంగభద్ర_ఒడ్డు
మండలాల వారీ వర్షపాతం లెక్కలు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో ఉంటాయి. మరలున్న మండలం, లేని పక్క మండలం, మరలు పెట్టకముందు, పెట్టాక. ఈ నాలుగూ తెచ్చి మామ ముందు పెట్టండి. మీరు తీర్పు చెప్పొద్దు, ఆయన్నే చూడమనండి.

పెన్నా_ఇసుక
@వార్డు_నర్సు అక్కా, మీరు రాసింది చదివి అడుగుతున్నా. మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం. కొన్నాళ్లుగా రాత్రంతా మేలుకొని ఉంటున్నాడు. బండ్ల నంబర్లు రాసుకుంటున్నాడు, అన్నీ తనకే మెసేజ్ అంటాడు. ఇంట్లో వాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నేను కూడా పరీక్షల టెన్షన్ అనుకున్నా.

వార్డు_నర్సు
@పెన్నా_ఇసుక తాయెత్తు ఉండనీ, తీసేయమని గొడవ పడొద్దు. కానీ ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. కర్నూలు, కడప, అనంతపురం మూడుచోట్లా ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది. ఆ నంబర్లకు అర్థం లేదని వాదించొద్దు, ఉందని ఒప్పుకోవద్దు కూడా. "నీకు నిద్ర లేదు, దానికి మందు తెచ్చుకుందాం" అనండి, చాలామంది ఆ మాటకు వస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. వయసులో ఉన్న పిల్లలు కోలుకొని చదువుకుంటున్నవాళ్లను నేనే చూశాను. రాత్రిపూట ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెన్నా_ఇసుక
సోమవారం తీసుకుపోతా అక్కా. అమ్మను ఒప్పించాలి, నాయన సరేనన్నాడు.

నల్లరేగడి
కడప అయితే చెప్పు తమ్ముడూ, మా బావమరిది పెద్దాసుపత్రి దగ్గరే ఉంటాడు. ఓపీ చీటీ రాయించి పెడతాడు.